అరకులో బస: ఏ కాలానికి ఏ వాలు

హోటళ్ల వెబ్‌సైట్లలో అరకు ఎప్పుడూ కార్తీకంలోనే ఉంటుంది. వానలు వెనక్కి తగ్గి కొండలు కడిగినట్టు కనిపిస్తాయి, వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. ఫొటో తీసినవాళ్ల తప్పేమీ లేదు, ఏడాది మొత్తంలో లోయ అంత అందంగా ఉండే రోజులు అవే. కాకపోతే ఆ ఫొటో చూసి జూలైలో గది తీసుకున్న కుటుంబానికి కిటికీ అవతల తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. మేలో వెళ్లినవాళ్లకు రేకుల కప్పు కింద మధ్యాహ్నం గడవదు. జనవరిలో వెళ్లినవాళ్లలో రెండో మనిషి బకెట్ పట్టుకునేసరికే గీజరు చల్లబడి ఉంటుంది. హోటల్ అదే, గది అదే, మారింది నెల మాత్రమే.

మైదానంలో హోటల్ అంటే మంచం, బాత్రూం, దగ్గర్లో బస్టాండు. కొండ మీద హోటల్ అంటే ముందుగా ఒక చోటు. అది ఎంత ఎత్తున ఉంది, వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎంత వాన పడితే దారి మూసుకుపోతుంది అన్నవే అక్కడి రెండు రోజులు ఎలా గడుస్తాయో తేలుస్తాయి. పరుపు, టీవీ, వైఫై ఆ తర్వాతి లెక్క. ఏ కాలంలోనైనా కొండకు వెళ్లొచ్చు, కానీ ఏ కాలానికైనా సరిపోయే గది దాదాపు ఉండదు. అందుకే ముందు నెల ఖాయం చేసుకుని, ఆ నెలకు తగిన చోటు వెతకాలి. చాలామంది ముందు హోటల్ ఖాయం చేసుకుని ఆ తర్వాత సెలవు చూసుకుంటారు.

చలి పల్లానికి పారుతుంది

సముద్ర మట్టం నుంచి వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అరకు లోయ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆ లెక్కన విశాఖపట్నం కంటే ఆరు డిగ్రీలు తక్కువ ఉండాలి. మరి విశాఖలో 18, 19 డిగ్రీలున్న డిసెంబరు తెల్లవారుజామున అరకులో, చింతపల్లిలో ఒంటి అంకె ఎందుకు కనిపిస్తుంది? ఎత్తు ఒక్కటే కారణం కాదు, నేల ఆకారం కూడా కారణమే.

మబ్బులు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నీళ్లలాగే వాలు వెంట జారి పల్లానికి చేరుతుంది. చుట్టూ కొండలున్న గిన్నెలాంటి లోయలో ఆ గాలికి బయటికి పోయే దారి ఉండదు, తెల్లారేదాకా అక్కడే మడుగు కడుతుంది. కాబట్టి చలికాలపు రాత్రి లోయ అడుగున పొలాల పక్కనున్న కాటేజీ కంటే వాలు నడుమ, కాస్త ఎత్తున ఉన్న హోటల్ వెచ్చగా ఉంటుంది. ఎత్తుకు వెళితే చలి ఎక్కువన్న మాట పగటికి సరిపోతుంది, పుష్యమాసపు రాత్రికి సరిపోదు.

పొగమంచు సంగతీ ఇంతే. లోయ అడుగున గది తీసుకున్నవాళ్లు ఎండెక్కేదాకా మంచు లోపల ఉంటారు. మిట్టన ఉన్నవాళ్లు అదే మంచును పైనుంచి పాలసముద్రంలా చూస్తారు. పాడేరు దగ్గరి వంజంగి కొండకు జనం చీకటితోనే ఎక్కేది ఆ దృశ్యం కోసమే. మంచులో నడవాలనుందా, మంచును చూడాలనుందా అన్నది ముందే తేల్చుకుంటే సగం హోటళ్లు జాబితా నుంచి వాటంతటవే పోతాయి.

దిక్కు కూడా చూడాలి. ఇది వాస్తు సంగతి కాదు, ఎండ సంగతి. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయంలో ఉదయించి, మధ్యాహ్నమైనా దక్షిణం వైపు వాలి ఉండి, నైరుతిలో దిగిపోతాడు. తూర్పుకో దక్షిణానికో కిటికీ ఉన్న గదిలో ఉదయం ఎండ పడుతుంది, రాత్రి దుప్పట్లలో చేరిన చెమ్మ ఆరుతుంది. పడమర పక్కనే ఎత్తైన కొండ ఉంటే సాయంత్రం నాలుగు దాటగానే ఆ ఆవరణ నీడలోకి వెళ్లిపోతుంది. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఆ గంటన్నర ఎండ చిన్న విషయం కాదు.

ఇక వేడినీళ్లు. కొండ హోటళ్లలో చలికాలపు గొడవలన్నీ బాత్రూం దగ్గరే మొదలవుతాయి, అవి మొదలయ్యేది లెక్క తెలియక. ‘24 గంటలూ వేడినీళ్లు’ అని బోర్డు ఉన్నా గదిలో ఉండేది చాలా చోట్ల 15 లీటర్ల గీజరు. కుళాయి నీళ్లు 15 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. గీజరు వాటిని 60 డిగ్రీలకు కాచిందనుకుందాం. చన్నీళ్లు కలిపి ఒంటికి పట్టే 40 డిగ్రీలకు తెస్తే మొత్తం 27 లీటర్లు వస్తాయి, అంటే బకెటున్నర. మళ్లీ ఆ 15 లీటర్లు కాగడానికి రెండు కిలోవాట్ల గీజరుకు దాదాపు 25 నిమిషాలు కావాలి. నలుగురి స్నానాలకు గంటన్నర పడుతుంది. పండగ సెలవుల్లో హోటల్ నిండి, అన్ని గదుల్లో ఒకేసారి గీజర్లు వేస్తే వోల్టేజీ 230 నుంచి 180కి పడిపోవచ్చు, అప్పుడు అదే పనికి 40 నిమిషాలు కావాలి. కరెంటు పోతే జనరేటరు మీద సాధారణంగా లైట్లు, ఫ్యాన్లు మాత్రమే నడుస్తాయి. సోలార్ హీటరు ఉందంటే వినడానికి బాగుంటుంది కానీ, పొద్దున తొమ్మిదిదాకా మంచు కమ్మే చోట అది నిన్నటి ఎండతో కాగిన నీళ్లనే ఇవ్వగలదు, ముందు లేచినవాళ్లకే ఇవ్వగలదు. ఇవన్నీ చూస్తే, పొయ్యి మీద కాచిన నీళ్లు బకెట్‌తో తెచ్చి ఇచ్చే చిన్న లాడ్జి కొన్నిసార్లు పెద్ద రిసార్టు కంటే నయం.

లంబసింగి గురించి విడిగా చెప్పుకోవాలి. చింతపల్లి మండలంలోని ఈ ఊరికి స్థానికంగా కొర్రబయలు అని పేరు. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడన్న అర్థంలో చెబుతారు. పత్రికల్లో వచ్చే ‘చింతపల్లిలో కనిష్ఠ ఉష్ణోగ్రత’ అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం నమోదు చేసేది. అది నేలకు నాలుగడుగుల ఎత్తున, నీడ పెట్టెలో పెట్టిన థర్మామీటరు చూపే అంకె. గడ్డి మీద అంతకంటే రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. అదే గడ్డి మీద గుడారం వేసి అద్దెకిస్తారు. గుడారంలో చలి పైనుంచి కంటే కిందనుంచి ఎక్కువ వస్తుంది. కాబట్టి పైన రగ్గులు ఎన్ని అని కాదు, కింద ఏం పరుస్తారు అని అడగాలి. పలచటి చాప మాత్రమే అయితే పిల్లలను తీసుకెళ్లకూడదు.

బొగ్గుల కుంపటి, చలిమంటలో మిగిలిన నిప్పులు గుడారంలోకో, తలుపులు బిగించిన గదిలోకో తెచ్చుకోవద్దు. బొగ్గు సరిగా మండనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎవరైనా ‘వెచ్చగా ఉంటుంది సార్’ అని కుంపటి తెచ్చిపెడితే బయట పెట్టించాలి.

అరకులో గది తీసుకుని లంబసింగిలో సూర్యోదయం చూద్దామన్న పథకం చాలామందిని దెబ్బతీస్తుంది. ఆ రెంటి మధ్య పాడేరు మీదుగా ఘాట్ రోడ్డులో రెండున్నర, మూడు గంటల ప్రయాణం. తెల్లవారుజామున మంచు కమ్మిన మలుపుల్లో అది ఇంకా సాగుతుంది. లంబసింగి కోసం వెళ్లేవారు ఆ ఊళ్లోనో చింతపల్లిలోనో పడుకోవాలి, అక్కడ దొరక్కపోతే కొండ కింద నర్సీపట్నంలో ఉండాలి. వంజంగికి పాడేరు దగ్గర. అరకు గది అరకుకే, అనంతగిరికే, బొర్రా గుహలకే.

వాన నెలలు: వెనక గోడ చూడండి

కొండను నిజంగా ప్రేమించేవాళ్లు వానలోనే వెళతారు. జూలై, ఆగస్టు నెలల్లో రద్దీ తక్కువ, అద్దె తక్కువ, కటికి జలపాతం నిండుగా దూకుతుంటుంది, కాఫీ తోటల మీద మబ్బు చేతికందే ఎత్తులో పోతుంటుంది. కానీ హోటల్ ఎంపికలో అతి జాగ్రత్తగా ఉండాల్సిందీ ఈ నెలల్లోనే. చలికాలంలో తప్పు గది తీసుకుంటే ఒక రాత్రి నిద్ర పోతుంది. వానాకాలంలో తప్పు చోట గది తీసుకుంటే పోయేది నిద్ర ఒక్కటే కాకపోవచ్చు.

తూర్పు కనుమల్లో ఈ భాగపు రాయి ఎక్కువగా ఖోండలైటు. ఈ కొండల్లో ఉండే ఖోండు ఆదివాసుల పేరు మీదనే భూగర్భ శాస్త్రజ్ఞులు దానికా పేరు పెట్టారు. వేల ఏళ్ల వానకు, వేడికి అది మెత్తబడి ఎర్రటి బంకమట్టిగా మారుతుంది. ఆ మట్టి నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, పట్టు సడలుతుంది. వాలును తొలిచి చదును చేసి గదులు కట్టినప్పుడు ఆ కొండ కాలు నరికినట్టే. అందుకని వాన నెలల్లో హోటల్‌కు చేరగానే గది తాళం తీసుకోకముందే వెనక్కి వెళ్లి చూడాలి. రక్షణ గోడ ఉందా? దానిలో నీళ్లు బయటికొచ్చే రంధ్రాలు ఉన్నాయా? వాటిలోంచి తేట నీళ్లు వస్తుంటే గోడ తన పని చేస్తోందని అర్థం. బురద నీళ్లు వస్తున్నా, రంధ్రాలు మూసుకుపోయి గోడ ఉబ్బినా, పైన చెట్లు ఒకే వైపు కొత్తగా ఒరిగినా ఆ వరసలో గది వద్దని చెప్పి ముందు వైపు గది అడగాలి. లేదంటే డబ్బు పోయినా సరే వేరే చోటికి వెళ్లాలి. వాగు ఒడ్డున కట్టిన కాటేజీలకూ ఇదే మాట. ఫొటోలో గలగలా పారే సన్నటి పాయ పైన కొండ మీద రెండు గంటల వాన పడితే గుమ్మం దాకా రాగలదు.

అంత ప్రమాదం లేని చోట కూడా చెమ్మ తప్పదు. మట్టిని ఆనుకున్న వెనక గోడ సెప్టెంబరు దాకా చెమరుస్తూనే ఉంటుంది, బూజు వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ గది పనికిరాదు. తువ్వాలు రెండు రోజులైనా ఆరదు. కాబట్టి వానలో పై అంతస్తు, ఎదురెదురు కిటికీలు, దోమ తెర ఉన్న గదిని అడగాలి. మన్యంలో మలేరియా పాత కథ కాదు, వాన నెలల్లో ఇప్పటికీ ఉంటుంది. ‘వ్యూ’ కోసం అదనంగా చెల్లించడం మాత్రం ఈ నెలల్లో వృథా. మబ్బు ఎవరి కిటికీ దగ్గరైనా ఒకేలా ఉంటుంది. ఆ డబ్బుతో కప్పు ఉన్న వరండా గల గది తీసుకుంటే రోజంతా వాన చూస్తూ కాఫీ తాగొచ్చు. వాన నెలల్లో అరకులో అంతకు మించిన పని లేదు.

దారి గురించి కూడా ముందే ఆలోచించాలి. విశాఖ నుంచి రోడ్డు దాదాపు 115 కిలోమీటర్లు, శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. రైలు దారి కొత్తవలస–కిరండూల్ లైను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన దారి అది, ఇప్పుడు 2017 నుంచి అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెతో పర్యాటకుల దారి కూడా అయింది. ఈ లైను మొత్తంలో 58 సొరంగాలున్నాయి. పెద్ద వానలకు రోడ్డు మీదా పట్టాల మీదా బండరాళ్లు పడటం ఉన్నదే. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోలేనివాళ్లు, అంటే సోమవారం ఆఫీసుకు తప్పక వెళ్లాల్సినవాళ్లు, ఆగస్టులో కొండ లోపలికి కాక అంచున ఉన్న టైడా, అనంతగిరి వైపు ఆగడం మేలు. రైల్లో వచ్చి సొంత బండి లేనివాళ్లకు అరకు ఊళ్లోని హోటలే సుఖం. అనంతగిరి తోటల్లోని బస ఎంత బాగున్నా బండి లేకపోతే అక్కడ కట్టేసినట్టే ఉంటుంది.

హైదరాబాద్ వాళ్లకు ఒక హెచ్చరిక. మనకు అనంతగిరులు రెండున్నాయి. ఒకటి అరకు దగ్గర, ఇంకొకటి వికారాబాద్ దగ్గర, మూసీ పుట్టే కొండలు. రెండు చోట్లా టూరిజం వారి హరిత రిసార్టులున్నాయి. ఆన్‌లైన్‌లో గది ఖాయం చేసేటప్పుడు జిల్లా పేరు చదవాలి. వికారాబాద్ అనంతగిరి ఎత్తు తక్కువ, అక్కడ చలి కోసం వెతకడం అనవసరం. శ్రావణంలో ఒక్క రాత్రి వాన కోసమైతే హైదరాబాద్‌కు అంత దగ్గరగా మరోటి లేదు.

వానలు తగ్గాయనుకున్నాక వచ్చే అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. దసరా సెలవులు, కార్తీక వనభోజనాలు కూడా అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు సముద్రానికి అంత దూరంలో ఉన్న అరకు కొండల్లో కూడా కాఫీ తోటల నీడ చెట్లు కూలిపోయాయి, రైలు దారి దెబ్బతింది. ఈ రెండు నెలలకు ముందస్తుగా గది తీసుకునేవాళ్లు, తుపాను వస్తే డబ్బు వెనక్కి ఇస్తారో లేక తేదీ మారుస్తారో వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాట ఆ రోజు ఎవరికీ గుర్తుండదు.

వేసవి గురించి చెప్పాల్సింది తక్కువ. మేలో అరకు పగలు వేడిగానే ఉంటుంది. ఉక్కపోత ఉండదు, రాత్రి హాయిగా ఉంటుంది, అంతే. వానాకాలపు సలహా ఇక్కడ తిరగబడుతుంది. పై అంతస్తు స్లాబు కిందా రేకుల కప్పు కిందా కాకుండా కింది అంతస్తులో, చెట్ల నీడన, పడమటి ఎండ పడని గది కావాలి. సూర్యుడు ఆ నెలల్లో నడినెత్తికొచ్చి కాస్త ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి దక్షిణపు కిటికీ గది చల్లగా ఉంటుంది. ముఖ్యంగా అడగాల్సింది నీళ్ల గురించి. ఊట మీద ఆధారపడిన చోట మే నాటికి ధార సన్నబడుతుంది. బోరు ఉందా, ట్యాంకరు తెప్పిస్తారా, పొద్దున రెండు గంటలే నీళ్లు వదులుతారా అన్నది ముందే తెలియాలి. మార్చి, ఏప్రిల్‌లో తొలి జల్లులు పడ్డాక కాఫీ పూత కొమ్మల నిండా తెల్లగా విచ్చుకుంటుంది, మల్లెల్లాంటి వాసన. అది కొద్ది రోజులే నిలుస్తుంది. వేసవిలో అనంతగిరి వెళ్లడానికి ఏకైక గట్టి కారణం అదే.

మండువేసవిలో నిజమైన చల్లదనం కావాలంటే ఇంకా ఎత్తుకు పోవాలి. రాయలసీమ వాళ్లకు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ ఉంది. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ 19వ శతాబ్దంలో అక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరొచ్చింది, ఏనుగు మల్లమ్మ కొండ అన్నది అసలు పేరు. ఎత్తు 1200 మీటర్లు దాటుతుంది, బసలు మాత్రం కొన్నే. 2240 మీటర్ల ఎత్తున్న ఊటీకి వెళ్లేవాళ్లు 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో వచ్చిన ఈ-పాస్, అంటే బండికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన అనుమతి, సంగతి మరిచిపోకూడదు. వేసవిలో రోజుకు ఇన్ని బండ్లే అన్న పరిమితి కూడా పెట్టారు. అక్కడ గది ఖాయం చేసుకున్నంత మాత్రాన బండి కొండ ఎక్కుతుందని కాదు.

గదుల సంఖ్య ఎందుకు తక్కువ

అరకుకు పేరున్నంతగా పెద్ద హోటళ్లు లేవేమిటని చాలామంది విసుక్కుంటారు. కారణం ఉంది, అది మంచి కారణం. ఇది షెడ్యూల్డు ప్రాంతం, అంటే ఆదివాసుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. 1/70గా పిలిచే చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. 1997లో సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణను ఇంకా బలపరిచింది. అందుకే ఇక్కడ ప్రభుత్వ రిసార్టులు, చిన్న లాడ్జీలు, గుడారాలు, ఆదివాసీ కుటుంబాలు నడిపే హోంస్టేలు ఎక్కువ. ఊటీని మింగినట్టు కాంక్రీటు అరకును ఇంకా మింగకపోవడానికి ఆ చట్టం చేసిన మేలు ఎంతో ఉంది. పర్యాటకుడిగా వెళ్లేవాడికి దీని అర్థం ఒక్కటే: సంక్రాంతి వారాంతంలో చివరి నిమిషంలో గది దొరకదు, దొరికినా కొత్తగా లేచిన, ఎవరిదో స్పష్టంగా చెప్పలేని కట్టడంలో దొరుకుతుంది. అలాంటి చోటి కంటే ఊళ్లో అందరికీ తెలిసిన కుటుంబం నడిపే రెండు గదుల ఇల్లు నమ్మదగినది. మంచం గట్టిగా ఉండొచ్చు, బాత్రూం బయట ఉండొచ్చు. కానీ కట్టిన అద్దె ఆ లోయలోనే ఉంటుంది, వానకు దారి ఎక్కడ ఆగుతుందో ఆ ఇంటివాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు. సిగ్నల్ పోయినప్పుడు ఫోన్‌తో చెల్లింపు జరగదు కాబట్టి కొంత నగదు దగ్గర పెట్టుకోవాలి.

ఆన్‌లైన్ సమీక్షలు చదివే పద్ధతి కూడా మార్చుకోవాలి. మొత్తం రేటింగు నాలుగున్నరా మూడున్నరా అన్నది కొండ హోటల్ విషయంలో పెద్దగా ఏమీ చెప్పదు, ఎందుకంటే అందులో సగం మాటలు నవంబరువి. ఏ నెలలో వెళుతున్నారో ఆ నెలలోనే, కిందటేడో అంతకుముందో రాసినవి వెతికి చదవాలి. ఆపైన హోటల్‌కు నేరుగా ఫోన్ చేయాలి. ‘సౌకర్యాలు బాగుంటాయా’ అంటే బాగుంటాయనే చెబుతారు. జనవరిలో అయితే ‘నిన్న రాత్రి గదికి ఎన్ని రగ్గులు ఇచ్చారండీ?’ అని అడగాలి, ఆగస్టులో ‘ఈ వారంలో కరెంటు ఎన్ని గంటలు పోయింది, వెనక గోడ మట్టిని ఆనుకోని గదులు ఏవి?’ అని, మేలో ‘నీళ్లు ఏ వేళకు వదులుతారు?’ అని. నిజంగా అక్కడే పనిచేసే మనిషి వెంటనే జవాబు చెబుతాడు, తరచూ అడగనిది కూడా చెబుతాడు. ‘రెండో వరసలో చివరి గది తీసుకోండమ్మా, పొద్దున ఎండ వస్తుంది, మెట్లు కూడా పదే’ అంటాడు. అప్పుడా గది నంబరు అడిగి, రసీదు మీద రాయించుకోవాలి.